రుద్రారం దాటితే ఆగిపోయే కారు

మా కారులో డీజిల్ ఫిల్టర్ ఎక్కడ ఉంటుందని అడిగితే కళ్లు మూసుకుని చెయ్యి పెట్టి చూపిస్తాను. బానెట్ ఎత్తితే ఎడమ పక్కన, బ్యాటరీ వెనకాల, రేకుకు ఆనుకుని నల్లటి డబ్బా ఒకటి ఉంటుంది, పెద్ద గ్లాసంత. దాని నెత్తిన ఒక చిన్న స్క్రూ. అడుగున ఇంకో స్క్రూ, డీజిల్‌లో నీళ్లు చేరితే అది వదులు చేసి దింపెయ్యాలి. ట్యాంకు నుంచి వచ్చే పైపు ఆ డబ్బాలోకి పోయే ముందు మధ్యలో ఒక రబ్బరు పంపు ఉంటుంది, గుప్పిట్లో పట్టేంత. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే ఒకరు రాసిపెడుతున్నారు. అక్షరాలు చేతికి రాలేదు గానీ ఆ రబ్బరు పంపు మాత్రం నా చేతికి బాగా తెలుసు.

అది పాత డీజిల్ కారు, జీపులాగా పెద్దది. రాత్రంతా నిలబడితే పైపులోకి గాలి చేరేది. గాలి చేరితే పొద్దున ఎంత తిప్పినా స్టార్ట్ కాదు. అందుకని నా మొగుడు తెల్లవారుతూనే బానెట్ ఎత్తి, నెత్తి మీది స్క్రూ వదులు చేసి పట్టుకునేవాడు. నేను పంపు నొక్కాలి. మొదట ఖాళీ పొదుగులాగా మెత్తగా ఉంటుంది. నొక్కగా నొక్కగా బరువెక్కుతుంది. స్క్రూ దగ్గర ముందు నురగ వస్తుంది, బుస్సుమంటుంది. నురగ పోయి డీజిల్ తేటగా వచ్చాక ఆయన స్క్రూ బిగించి, "చాలు" అనేవాడు. ఆయన మాటలు తక్కువ మనిషి. మా సంసారం మొత్తంలో ఆయన నాతో అన్న మాటలు ఏరి పెడితే "నొక్కు", "చాలు" అన్నవే ఎక్కువ తేలుతాయి. తర్వాత ఇద్దరం ఒకే పాత గుడ్డకు చేతులు తుడుచుకునేవాళ్లం. నేను రొట్టెలు చేసినా నా చేతుల్లో డీజిల్ వాసన పోయేది కాదు. ఆయన ఎన్నడూ ఏమీ అనలేదు, ఆయన చేతులదీ అదే వాసన కదా.

ఆ కారును ఆయన ఫ్యాక్టరీ ట్రిప్పుకు పెట్టాడు. పోతిరెడ్డిపల్లిలో ఆడవాళ్లను ఎక్కించుకుని పటాన్‌చెరు పక్కన మందుల ఫ్యాక్టరీ గేటు ముందు దించాలి. షిఫ్టు అయ్యాక మళ్లీ తీసుకురావాలి. ఒకరోజు ఛాతీలో నొప్పి అని కూర్చున్న మనిషి ఇక లేవలేదు.

ఆయన పోయాక మా మరిది స్టీరింగ్ పట్టాడు. అంతకుముందు ఒక గోదాములో సామాన్లెత్తే బండి నడిపేవాడు. అన్న ఇంట్లో పొయ్యి ఆరిపోకూడదని అది విడిచిపెట్టి వచ్చాడు. నాకు అదే ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గిన్నెలు తోమే పని దొరికింది. నేనూ అదే కారులో పోయేదాన్ని, ముందు సీట్లో. ముందు సీటు ఎందుకంటే, బండి దారిలో మొరాయిస్తే దిగి పంపు నొక్కేదాన్ని నేనే. ఆ ట్రిప్పు ఉంటే రెండిళ్లు నడుస్తాయి. ట్రిప్పు పోతే కారును పాత ఇనుముకు ఇచ్చెయ్యడమే. ఆయన బట్టలు ఎప్పుడో పంచిపెట్టేశారు. ఆయన చెయ్యి పడిన వస్తువు అదొక్కటే ఇంటి ముందు నిలబడి ఉంది.

పోయిన దసరాకు మాతో వచ్చే ఆడవాళ్లంతా బండి పూజకని మా ఇంటికి వచ్చారు. అందరినీ మోసుకుపోయే బండి కదా. నీళ్లు కొట్టి కడిగారు, బంతిపూల దండ వేశారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. అంతకుముందు ఆ పూజ నేనే చేసేదాన్ని. ఈసారి గోడ దగ్గర నిలబడ్డాను. ఎవరూ నిలబడమని చెప్పలేదు. రమ్మనీ చెప్పలేదు. మొగుడు పోయిన ఆడది పసుపు కుంకుమ పళ్లెం దగ్గరికి పోకూడదని ఒకరు చెప్పాల్సిన పని లేదు, కాళ్లే వెనక్కి జరుగుతాయి.

మాలో ఫ్యాక్టరీ ఊడ్చే ముసలామె ఒకామె ఉంది. అందరం పెద్దమ్మ అంటాం. పూజ ఆమె చేతుల మీదుగా నడిచింది. బానెట్‌కు, స్టీరింగ్‌కు, అద్దాలకు బొట్లు పెట్టి, కారు చుట్టూ తిరిగి మా మరిదిని అడిగింది.

"ఏమయ్యా, దీని నోరేది?"

"బండికి నోరేంది పెద్దమ్మా?"

"తిండి తినదా ఇది? ఏడికెంచి తింటది?"

మరిది నవ్వి, వెనక పక్కన ఉన్న డీజిల్ మూత చూపించాడు.

"గదే మరి నోరు. దానికి పెట్టకపోతే ఎట్ల? ఎన్నడు ఆకలి గాకుండ ఉండాలె."

తమలపాకు అంటుకోవాలని ఆమె పసుపులో బియ్యప్పిండి కలిపి ముద్ద చేసింది. ఆ ముద్దను ఇనుప మూత నిండా మందంగా మెత్తింది. మీద కుంకుమ, మీద ఆకు. నేను గోడ దగ్గర నుంచే చూస్తున్నాను. మంచిగా పెట్టింది అనుకున్నాను. ఆకు ఎండి రాలిపోయింది. పసుపు మాత్రం గోడకు కొట్టిన సున్నంలాగా గట్టిపడి ఉండిపోయింది. మరిది బండి కడిగినప్పుడు కూడా దాన్ని ముట్టుకునేవాడు కాదు, దేవుడిది కదా అని.

దసరా తర్వాత కొద్ది రోజులకే ఒక పొద్దున రుద్రారం దాటగానే బండి బలం తగ్గింది. మరిది తొక్కుతున్నాడు, బండి లేవడం లేదు. ఒకటి రెండుసార్లు ఎగిరినట్టు చేసి ఆగిపోయింది. పక్క నుంచి కాలేజీ బస్సులు పోతున్నాయి.

"వదినె, గాలి పట్టినట్టున్నది. జెర నొక్కు," అన్నాడు మరిది.

దిగి బానెట్ కింద చెయ్యి పెట్టాను. నొక్కిన పంపు నొక్కినట్టే ఉండిపోయింది. నాకు భయమేసింది. గాలి పడితే పంపు మెత్తగా ఉంటుంది గానీ, వదలగానే మళ్లీ ఉబ్బుతుంది. ఫిల్టర్ మూసుకుపోతే రాయిలాగా ఉంటుంది, వేలు దిగదు. ఇది రెండూ కాదు. పిండేసిన నిమ్మ తొక్కలాగా లోపలికి అణిగిపోయి అక్కడే ఉంది. నేను చెయ్యి తీయకుండా నిల్చున్నాను. చాలాసేపటికి అది మెల్లగా, ఇష్టం లేనట్టు, తనంత తానే లేచింది. అప్పుడు బండి స్టార్ట్ అయింది. మేం పోయేసరికి ఫ్యాక్టరీ గేటు మూసేశారు. గేటు మూస్తే ఇక ఆ పూట పని లేనట్టే. ఆడవాళ్లంతా గోడ నీడలో కూర్చున్నారు.

ఆ తర్వాత అదే రోగం. రోజూ కాదు, కానీ తరచూ. సాయంత్రం వచ్చేటప్పుడు కూడా ఆగేది. ఇంటికి ఆలస్యమైతే ఎవరూ గేటు మూయరు కాబట్టి అది ఎవరూ పట్టించుకోలేదు. పొద్దున ఆగితేనే పరేషాన్.

సంగారెడ్డిలో భాయ్ షెడ్డు ఉంది. నా మొగుడికి దోస్తు. బండి ఏ జబ్బుతో పోయినా భాయ్ ముందు చేసే పని ఒకటే. మా బండిలో డీజిల్ ఎంతుందో చూపే ముల్లు ఎప్పుడో పాడైపోయింది. అందుకని ఆయన నేరుగా వెనక్కి పోయి డీజిల్ మూత తీస్తాడు. బండిని ఓ పక్కకు ఊపి లోపల చప్పుడు వింటాడు. "ఉన్నది" అని మూత పెట్టి, అప్పుడు బానెట్ దగ్గరికి వస్తాడు.

ఫిల్టర్ అడుగు స్క్రూ విప్పి గ్లాసులోకి వదిలాడు. నీళ్లు లేవు. ఫిల్టర్ విప్పి రంపంతో కోసి, లోపలి కాగితం మడతలు విప్పి నాకు చూపించాడు. నల్లగా ఉంది గానీ బండి ఆపేంత లేదు. అయినా కొత్తది వేశాడు. స్క్రూ ఆయన పట్టుకున్నాడు, పంపు నేను నొక్కాను. నురగ పోయి తేట వచ్చింది. ఆయన "బస్, చాలమ్మా" అన్నాడు. ఆ మాట ఇంకొకరి నోట విని నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాను. భాయ్ పక్కకు చూశాడు.

స్టార్ట్ చేస్తే గడియారంలాగా నడిచింది. షెడ్డు చుట్టూ తిప్పాడు, బైపాస్ దాకా పోయి వచ్చాడు. ఏ జబ్బూ లేదు.

"ఈ బండి నా షెడ్డుకొస్తే అత్తగారింటికొచ్చిన అల్లుని లెక్క మంచిగుంటది," అన్నాడు. "మీ ఇంటికి పోయినంకనే ఆని అసలు గుణం బయటికొస్తది."

తెల్లారి రుద్రారం దాటగానే మళ్లీ ఆగింది.

పంపు అణిగిపోతున్నదని నేను భాయ్‌కి చెప్పాను. చెయ్యి మూసి తెరిచి చూపించాను. ఆయన గడ్డం గీక్కున్నాడు.

"అట్లయితే ఇంజన్ అడుగుతున్నది, ఎనకకెంచి వస్తలేదు. ఒక పని చేద్దాం. ట్యాంకును పక్కకు పెట్టి సూద్దాం."

ప్లాస్టిక్ క్యాన్ నిండా డీజిల్ నింపి, కారు పైన ముందు భాగాన తాళ్లతో కట్టాడు. ట్యాంకు పైపు తీసేసి, క్యాన్ నుంచి ఒక సన్నని పైపు దించి ఫిల్టర్‌కు తగిలించాడు. ఆ తెల్లారి ఆ అవతారంతోనే అందరినీ ఎక్కించుకుని పోయాం.

"సెలైన్ ఎక్కిచ్చిన్రు బండికి," అంది వెనక నుంచి ఒకామె. ప్యాకింగ్‌లో పని ఆమెది, నోరు పదును. "రేపు ఆక్సిజన్ కూడ పెడ్తరు."

"నువ్వు కూసో. నీకు పెట్టే దినం వస్తది," అంది పెద్దమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రుద్రారం దాటింది. ఇస్నాపూర్ దాటింది. బండి ఎక్కడా ఆగలేదు. గేటు తెరిచే ఉంది.

అంటే ఇంజన్ మంచిదే, ఫిల్టర్ మంచిదే. వెనకాల ట్యాంకు వైపే ఏదో ఉందని భాయ్ ట్యాంకు దింపాడు. లోపల చెత్త ఆపే జల్లెడ తీసి చూపించాడు, శుభ్రంగా ఉంది. పైపు పొడవునా గాలి ఊదాడు, ఆ చివర చెయ్యి పెట్టుకున్న మరిది చేతికి గాలి తగిలింది. ఎక్కడా అడ్డం లేదు. అన్నీ కడిగి బిగించి, "ఇగ దీనికి తప్పించుకునే తోవ లేదు" అన్నాడు.

మళ్లీ ఆగింది.

ఆరోజు గేటు దగ్గర ట్రిప్పుల కాంట్రాక్టు చూసే మనిషి మరిదిని పక్కకు పిలిచాడు. మా అందరికీ వినపడేలాగే అన్నాడు.

"ఇంకోసారి గేటు మూసినంక వస్తే వేరే బండి పెడ్త. నాకు పైనుంచి మాటలొస్తున్నయ్. మీ అన్న మొకం సూసి ఇన్ని దినాలు ఆగిన."

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ప్యాకింగ్ ఆమె బయటికి చూస్తూ అంది.

"ఒక మాటంటే కోపం గావద్దు. ఫిల్టర్ మార్చిన్రు, ట్యాంకు కడిగిన్రు. పొద్దుగాల అందరం ఎవరి మొకం సూసి ఎక్కుతున్నమో గది గూడ సూస్కోవాలె గద."

"నోర్ముయ్," అంది పెద్దమ్మ.

అంతే అంది. అది తప్పు మాట అని అనలేదు. మరిది అద్దంలో నన్ను చూసి చూపు తిప్పేశాడు. నేను ముందు సీట్లో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కోపం వచ్చిందా అంటే రాలేదు. ఆ మాట నాలో అప్పటికే ఉంది, ఆమె పైకి అనేసింది.

ఇంటికొచ్చి ఆలోచించాను. భాయ్ ఏం చేశాడు? ఒక్కో సామాను తీసి పక్కన పెట్టి, అది లేకుండా బండి నడుస్తుందా అని చూశాడు. ఫిల్టర్ తీశాడు. ట్యాంకు తీశాడు. పైపు తీశాడు. ఇక తీసి చూడని సామాను నేనొక్కదాన్నే మిగిలాను.

తెల్లారి మరిదికి చెప్పాను.

"నేను బస్సుల వస్త తమ్మీ. నువ్వు వాళ్లను తీసుకపో."

"గామె ఏదో అన్నదని నువ్వు గిట్ల చేస్తవా వదినె? గాలి పడితే నొక్కేదెవరు?"

"నొక్కితే అయితున్నదా ఏమన్న? పో, జల్దీ పో."

బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. రుద్రారం దాటుతుంటే రోడ్డు పక్కన చూశాను. మా బండి లేదు. ఫ్యాక్టరీ దగ్గరికి పోయేసరికి గేటు పక్కన చింతచెట్టు కింద నిలబడి ఉంది, చల్లగా, ఏమీ ఎరగనట్టు. అందరూ లోపలికి పోయారు.

ఆరోజు క్యాంటీన్‌లో గిన్నెలు ఎట్లా తోమానో నాకే తెలియదు. ప్యాకింగ్ ఆమె చాయ్‌కి వచ్చింది. గ్లాసులోకి చూస్తూ, "ఇయ్యాల మంచిగొచ్చింది" అంది. ఎగతాళిగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

సాయంత్రం కూడా బస్సులోనే వచ్చాను. ఇంటి ముందు కారు నిలబడి ఉంది. బానెట్ మీద చెయ్యి పెట్టాను, ఇంకా వెచ్చగా ఉంది. ఆయన ఉన్నన్నాళ్లూ ఏ పొద్దూ నా చెయ్యి లేకుండా ఈ బండి కదలలేదు. ఇప్పుడు నా చెయ్యి లేకపోతేనే కదిలింది. రేపు ఒక్కరోజు చూద్దాం అనుకున్నాను. రేపు కూడా ఆగకపోతే ఇక ఎన్నటికీ ఎక్కను. ముట్టను కూడా. అట్లా అనుకున్నాక అన్నం తినలేకపోయాను.

మరునాడు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. రుద్రారం దాటింది. ముందర రోడ్డు పక్కన ముఖాలకు కొంగులు కప్పుకుని ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. బానెట్ ఎత్తి ఉంది. మా మరిది వంగి ఉన్నాడు.

చెబితే బాగుండదు గానీ, నాకు సంతోషమైంది. బండి ఆగినందుకు సంతోషపడ్డ మనిషిని ఆ రోడ్డు మీద నేనొక్కదాన్నే. ట్రిప్పు పోతుందని తెలుసు, ఇద్దరి ఇళ్లు తెలుసు, అయినా సంతోషమే అయింది. ఆపమని అరిస్తే డ్రైవరు తిట్టుకుంటూ ఆపాడు.

దిగి పోయేసరికి నన్ను చూసి ప్యాకింగ్ ఆమె కొంగు సర్దుకుంది. నేను నేరుగా బానెట్ కింద చెయ్యి పెట్టి చూశాను. పంపు అణిగిపోయి ఉంది, అదే రకంగా. మరిదిని అడిగాను.

"నిన్న ఆగలేదు గద. నిన్న ఏం చేసినవ్, ఇయ్యాల ఏం చెయ్యలే?"

"ఏం చెయ్యలే వదినె. ఎప్పటి లెక్కనే వచ్చినం."

"మంచిగ యాదికి తెచ్చుకో."

"వచ్చేటప్పుడు బంకుల ఆగిన, రుద్రారం రాకముందు. డీజిల్ పోయించిన. మొన్న సాయంత్రం ఇంటికాడి బంకుల పోయించుడు మర్చిపోయిన, అందుకని. అంతే."

"ట్యాంకు నిండిందనా మరి?"

"ఇయ్యాల గూడ ఉన్నదిగా వదినె. నిన్న పోయించిందే సగానికెక్కువ ఉంటది."

డీజిల్ ఎక్కువ తక్కువ కాదన్నమాట. మరి బంకులో ఇంకేం జరుగుతుంది? మూత తీస్తారు, పోస్తారు, మూత పెడతారు. భాయ్ దగ్గర? అక్కడా ముందు మూతే తీస్తాడు. షెడ్డులో బండి ఎన్నడూ ఆగలేదు. క్యాన్ కట్టిన రోజు అసలు ట్యాంకుతో పనే లేదు.

"తమ్మీ, నేను పంపు పట్టుకుంట. నువ్వు పోయి డీజిల్ మూత తియ్యి. మెల్లగ తియ్యి."

అతను వెనక్కి పోయాడు. తాళం తిప్పిన చప్పుడు వినపడింది. మూత వదులు కాగానే ట్యాంకు గట్టిగా గాలి పీల్చుకుంది. రోడ్డు మీద లారీలు పోతున్నా అందరికీ వినపడింది. ఆ వెంటనే నా గుప్పిట్లో పంపు ఉబ్బింది. నేను నొక్కలేదు. దానంతట అదే నిండింది, బరువెక్కింది, వేళ్లను పక్కకు తోసింది. ఎన్నో ఏళ్లు పొద్దున్నే నా చేతికి తెలిసిన ఆ బరువే. చాలు అనడానికి ఆయన లేడు. నేనే అన్నాను, పైకే అన్నాను. ఎవరితో అన్నానో వాళ్లకు అర్థం కాలేదు.

మరిది మూత పట్టుకుని వచ్చాడు. మూత మీద పసుపు అట్ట కట్టి ఉంది, దుమ్ము పట్టి డీజిల్ తాగి రాయిలాగా అయిపోయింది. తిప్పి చూస్తే లోపలి వైపు నడుమ ఒక సన్నటి చిల్లు కనిపించింది. పై వైపు ఆ చిల్లు లేదు. పసుపు కింద ఉండిపోయింది. డీజిల్ అయిపోతున్న కొద్దీ ట్యాంకులోకి గాలి పోయే దారి అదొక్కటే. ఆ దారి మూసుకుపోతే ట్యాంకు డీజిల్‌ను బయటికి వదలదు, లోపలికే గుంజి పట్టుకుంటుంది. బండి ఇంటి దగ్గర నుంచి రుద్రారం దాకా వచ్చేసరికి ఆ పట్టు గట్టిపడేది. కాసేపు నిలబడితే వదులయ్యేది.

పెద్దమ్మ దగ్గరికి వచ్చి మూత చూసింది. ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది.

"నేనే గద పెట్టిన ఇది."

అనాలంటే నాకు చాలా మాటలున్నాయి. నా ముఖం చూసే బండి ఆగుతున్నదన్నారు కదా, ఇప్పుడు చెప్పండి అనొచ్చు. ఆమె ముఖం చూశాక ఏ మాటా పైకి రాలేదు. ఆమె ఎవరికీ చెడు చేయాలని పెట్టలేదు. బండి ఆకలి కాకుండా ఉండాలని పెట్టింది.

"పిన్నీసు ఉన్నదా పెద్దమ్మా?" అని అడిగాను.

మా దిక్కు ఆడవాళ్లు పుస్తెలతాడుకు పిన్నీసులు తగిలించుకుంటారు, ఎప్పుడు ఏది అవసరం పడుతుందో అని. నాకూ ఉండేవి. పుస్తెలు తీసినరోజే అవీ పోయాయి. పెద్దమ్మ తన తాడు నుంచి ఒకటి విప్పింది. మూతకు తనే గుచ్చుతుందనుకున్నాను. పిన్నీసు నా చేతిలో పెట్టింది.

"నువ్వే తియ్యి బిడ్డా. నా కండ్లు ఆనవు."

ఆమె కళ్లు బాగానే ఆనుతాయి. ఫ్యాక్టరీలో గుండుసూది పడినా ఏరి ఇస్తుంది.

లోపలి వైపు నుంచి గుచ్చాను. మొదట దిగలేదు. తర్వాత పసుపు పెచ్చు లేచి రోడ్డు మీద పడింది. మిగిలింది గోటితో గీకాను. వేళ్లన్నీ పచ్చగా అయ్యాయి. మూత నోటి దగ్గర పెట్టుకుని ఊదితే గాలి ఆ పక్కకు పోయింది.

"ఇగ ఎక్కుండ్రి, గేటు మూస్తరు," అంది ప్యాకింగ్ ఆమె. ఆ రెండు రోజులూ ముందు సీట్లో ఆమే కూర్చున్నట్టుంది, ఆమె టిఫిన్ సంచి అక్కడే ఉంది. తలుపు తెరిచి సంచి తీసుకుని, వెనక్కి పోయి ఇరుక్కుని కూర్చుంది. తలుపు తెరిచే ఉంచింది. నేను ఎక్కాను.

గేటు మూసే మనిషి చెయ్యి గేటు మీద ఉండగా మేం చేరాం. కాంట్రాక్టు మనిషి మమ్మల్ని చూశాడు, గేటు చూశాడు, ఫోను తీసి ఎవరితోనో మాట్లాడుకుంటూ పోయాడు. ట్రిప్పు నిలిచింది.

భాయ్‌కి చెబితే నమ్మలేదు. మూత తెప్పించుకుని చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"రోగం నేను తీస్తలేనమ్మా. వచ్చినప్పుడల్ల మూత తీసి దానికి ఊపిరి పోస్తున్న. మళ్ల మూత పెట్టి పంపిస్తున్న. మీ ఆయన ఉంటే నన్ను సూసి ఏడాది దాక నవ్వుతుండె."

"ఆయన నవ్వేటోడా భాయ్," అన్నాను.

"నా దగ్గర నవ్వేటోడు," అన్నాడు భాయ్. ఆ సంగతి నాకు తెలియదు. ఆ మాట ఇంటికి తెచ్చుకున్నాను.

ఈ దసరాకు కూడా అందరూ వచ్చారు. ప్యాకింగ్ ఆమే బండి కడిగింది. బంతిపూలు కట్టారు. నేను గోడ దగ్గర నిలబడ్డాను, పోయినసారి నిలబడిన చోటే. పెద్దమ్మ పళ్లెం పట్టుకుని బానెట్‌కు పెట్టింది, స్టీరింగ్‌కు పెట్టింది. వెనక పక్కకు పోయి ఆగింది. పసుపు ముద్ద వేళ్ల మీద అట్లాగే ఉంది. నా వైపు తిరిగింది.

"గాడ నిలబడి ఏం సూస్తున్నవ్? ఇటు రా. ఏడ పెట్టొద్దో నువ్వే సూపియ్యాలె."

నా కాళ్లు వెంటనే కదలలేదు. మరిది చూస్తున్నాడు. ఎవరో అగరుబత్తి వెలిగించబోయి ఆగారు. నేను గోడ విడిచి పోయాను. డీజిల్ మూత మీద అరచెయ్యి పెట్టి పూర్తిగా కప్పాను. పెద్దమ్మ దాని చుట్టూ పసుపు రాసింది, దగ్గరగా, నా వేళ్ల అంచుల దాకా. కుంకుమ చల్లితే నా చేతి మీద కూడా పడింది. ఆమె తుడవలేదు. హారతి అయ్యేదాకా నేను చెయ్యి తీయలేదు.